జానెడు బండి, చర్లపల్లి బండలు

అరచేతిలో పట్టే జీపు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, పక్క వీధిలో లేత్ మిషన్. ఈ మూడూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చోట ఆదివారం పొద్దుటి పూట ఎంత ఆట ఆడుకోవచ్చో చూడండి.

హైదరాబాద్‌లో చర్లపల్లి నుంచి మౌలాలి వైపు వెళ్తుంటే గోడల వెనక, ఖాళీ ప్లాట్ల మూలల్లో, రైలు పట్టాల అవతల ఇంకా కొన్ని గుండ్లు మిగిలి కనిపిస్తాయి. రెండడుగుల ఎత్తున్న గుండును దారిన పోయేవాళ్లు ఎవరూ పట్టించుకోరు. మహా అయితే దాని మీద కూర్చుని చాయ్ తాగుతారు. అసలు జీపులో ఇరవై నాలుగో వంతు కొలతతో చేసిన బొమ్మ జీపును దాని ముందు పెట్టి చూడండి. రెండడుగులను 24తో హెచ్చిస్తే 48 అడుగులు. ఆ జీపు కళ్లతో చూస్తే అది నాలుగంతస్తుల మేడంత రాతిగోడ. పగుళ్లు లోయలవుతాయి, నెర్రెల్లో మొలిచిన గడ్డి అడవి అవుతుంది. కొండ కోసం అరకు దాకా పోనక్కర్లేదు, ఫ్యాక్టరీ గేటు పక్కనే ఉంది.

ఈ చిన్న బండ్లను రాక్ క్రాలర్లు అంటారు. రిమోట్ కారు అనగానే జుయ్యిమని దూసుకుపోయే బండి గుర్తొస్తుంది. క్రాలర్ దారి వేరు. మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఒక్కో చక్రాన్నీ ఎక్కడ మోపాలో వెతుక్కుంటూ బండ మీదికి పాకుతుంది. నడిపేవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, ముందు ఎడమ చక్రం ఏ పలుకు మీద ఆనిందో చూస్తుంటారు. ఒక అడుగు ఎక్కడానికి పది నిమిషాలు పట్టినా ఎవరూ విసుక్కోరు, ఆటంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

అమెరికా కంపెనీ యాక్సియల్ 2019లో 'ఎస్‌సీఎక్స్24' తెచ్చాక ఈ జానెడు బండ్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. అంతకుముందు క్రాలర్ అంటే ఎక్కువగా పదో వంతు బండే. అది మూరెడు పొడవు, రెండు మూడు కిలోల బరువు ఉంటుంది, ఖరీదూ ఎక్కువ, దానికి సరిపోయే రాళ్ల కోసం ఊరు దాటాలి. 2022లో ట్రాక్సస్ పద్దెనిమిదో వంతు 'టీఆర్‌ఎక్స్-4ఎం'ను దించింది. చైనా నుంచి డబ్ల్యూపీఎల్, ఎంఎన్ లాంటి కంపెనీల బండ్లు తక్కువ ధరకు వస్తున్నాయి. మన దగ్గర చాలామందికి మొదటి బండి ఇలాంటిదే. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. విప్పి బిగించడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

చిన్నదైనా లోపలి యంత్రాంగం అసలు జీపుదే. ముందూ వెనకా గట్టి ఇరుసులు, వాటిని పట్టి ఉంచే కడ్డీలు, స్ప్రింగులు, నాలుగు చక్రాలకూ శక్తి. ఒక్క తేడా ముఖ్యం. రోడ్డు మీది బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. బండల మీద అదే శత్రువు. ఒక చక్రం గాల్లోకి లేస్తే శక్తంతా అటే పోయి, నేల మీదున్న చక్రం ఊరుకుంటుంది. అందుకే క్రాలర్‌లో ఆ గేర్లను కలిపి బిగించేస్తారు. రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకటిగానే తిరుగుతాయి. మోటార్‌కు తీగ చుట్లు కూడా ఎక్కువ. ఎస్‌సీఎక్స్24లో 88 చుట్లు ఉంటాయి. చుట్లు పెరిగేకొద్దీ వేగం తగ్గి, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అదుపు బాగుంటుంది. రిమోట్ మీట వదిలితే బండి వాలు మీద ఉన్నచోటే నిలబడిపోతుంది.

ఈ రాయి వేరు

హైదరాబాద్ రాయి గురించి కాస్త చెప్పాలి. ఈ ఆటకు అది చేసే మేలు ప్రపంచంలో చాలా ఊళ్లకు దొరకదు.

మన కాళ్ల కింది గ్రానైట్ భూగర్భంలో, చాలా లోతున, నిదానంగా చల్లారి గట్టిపడింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టి పలుకులు పెద్దవిగా ఎదిగాయి. గులాబీ, బూడిద రంగుల్లో కనిపించేవి ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసేవి క్వార్ట్జ్, నల్లని రేకులు అభ్రకం. పైనున్న నేల కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక ఈ రాయి బయటపడింది. పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు ముందుగా అరిగి, గుండ్రటి గుండ్లు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే దొంతులను మనుషులు పేర్చలేదు, ఉన్నచోటే అరిగి అలా నిలిచాయి. కొన్నిచోట్ల ఉల్లిపొరల్లా పైపొర లేచి, కింద నున్నని పరుపుబండ తేలుతుంది. ఈ రాళ్లను చదివే, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డులోనే ఉంది.

ఇందులో క్రాలర్‌కు పనికొచ్చేది పలుకుల సైజు. జానెడు బండి టైరు మీద గుబ్బలు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి. మన గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్ పలుకులూ ఇంచుమించు అంతే, కొన్ని ఇంకా పెద్దవి. అసలు జీపు టైరుకు ఆ పలుకు గరుకుదనం మాత్రమే. ఈ చిన్న టైరుకు అది మెట్టు. మెత్తటి రబ్బరు గుబ్బ పలుకు వెనక చిక్కుకుని ఆగుతుంది. అందుకే నున్నగా కోసిన షాబాద్ బండ మీద జారిపోయే బండి, నిలువెత్తు గ్రానైట్ చెక్క మీద నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త చాలు. గుండ్ల మీద వాన నీళ్లు జారిన దారిలో నల్లటి చారలు కనిపిస్తాయి. అవి కంటికి కనిపించని జీవులు అల్లిన పొర. ఎండలో గరుకుగానే ఉంటుంది, తడిస్తే మాత్రం పాచి. వానాకాలంలో ఆ చార పక్క నుంచే ఎక్కాలి.

మనుషులు కూడా ఈ రాతి మీదే ఎక్కడం నేర్చుకున్నారు. వరంగల్ రోడ్డులో భువనగిరి ఏకశిల మీద శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర తర్ఫీదు మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్లు. బండ ఎక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు గురువులు ముందు చెప్పేది ఒకటే. రాయిని కౌగిలించుకోవద్దు, బరువు పాదాల మీద ఉంచు. రాయికి అతుక్కుపోతే పాదం జారుతుంది, బరువు పాదం మీద పడితే పట్టు దొరుకుతుంది. క్రాలర్‌కూ ఇదే సూత్రం. దీన్ని పట్టుకోకుండా ఎన్ని వేలు పోసి పార్టులు కొన్నా బండి వెల్లకిలా పడుతూనే ఉంటుంది.

బరువు కిందికి, ముందుకు

బండి ఎందుకు వెనక్కి పడుతుందో చిన్న లెక్కలో తేలిపోతుంది. వాలు మీద బండి బరువు కేంద్రం వెనక చక్రం ఆనిన చోటును దాటి వెనక్కి పోయిందంటే వెల్లకిలా పడ్డట్టే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 134 మిల్లీమీటర్లు ఉన్న బండిని తీసుకుందాం. బరువు సరిగ్గా మధ్యలో, నేల నుంచి 55 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, జారకుండా ఉన్నా దాదాపు 50 డిగ్రీల వాలు దాటితే పడిపోతుంది. అదే బరువును 40 మిల్లీమీటర్ల ఎత్తుకు దించితే 59 డిగ్రీల దాకా నిలుస్తుంది. దించడంతో పాటు బరువులో నూటికి అరవై వంతులు ముందు ఇరుసు మీదికి జరిపితే 63 డిగ్రీలు. మోటారు మార్చలేదు, బ్యాటరీ మార్చలేదు. బరువు ఉండే చోటు మారిందంతే, బండి పదమూడు డిగ్రీలు ఎక్కువ ఎక్కింది. వాలు నిటారుకు దగ్గరపడే చోట ఒక్కో డిగ్రీ ఎంత విలువైనదో బండ ముందు కూర్చుంటే తెలుస్తుంది.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రొట్టెల పీట మీద గరుకు కాగితం అంటించి, బండిని దాని మీద నిలబెట్టి, ఒక కొసను నెమ్మదిగా లేపాలి. ఫోన్‌లో వాలు చూపించే యాప్ ఉంటుంది. ముందు చక్రాలు ఏ డిగ్రీ దగ్గర లేచాయో రాసుకోవాలి. ఏ మార్పు చేసినా ముందొకసారి, తర్వాతొకసారి కొలవాలి. అలవాటైతే ఏ పార్టు పనికొస్తుందో, ఏది మెరుపు మాత్రమేనో పీటే చెబుతుంది.

ఇంకో లెక్క నాకు భలే ఇష్టం. పొడవు ఇరవై నాలుగో వంతైతే బరువు 24ను మూడుసార్లు హెచ్చించినంత, అంటే 13,824వ వంతు కావాలి. 1,800 కిలోల జీపు ఈ లెక్కన 130 గ్రాములే తూగాలి. బొమ్మ బండి అంతకు రెట్టింపు పైనే ఉంటుంది, అయినా ఇరుసు విరగదు, చట్రం వంగదు. సైజు తగ్గేకొద్దీ బరువు పడిపోయినంత వేగంగా బలం పడిపోదు. చీమ తనకన్నా ఎన్నో రెట్ల బరువు మోయగలగడానికీ కారణం ఇదే. కాబట్టి చిన్న బండి మీద ఇంకో వంద గ్రాముల లోహం వేయడానికి భయపడక్కర్లేదు. ఎక్కడ వేస్తున్నామన్నదే చూసుకోవాలి.

ఆ లోహం ఇత్తడి. ఘన సెంటీమీటరుకు ఎనిమిదిన్నర గ్రాముల దాకా తూగుతుంది, అల్యూమినియం మూడు గ్రాములు కూడా ఉండదు. సీసం ఇంకా బరువే గానీ విషం, పిల్లలు ముట్టుకునే బండిలో దానికి చోటు ఇవ్వకూడదు. చక్రం లోపల ఉంగరంగా, చక్రం తిరిగే పిడిలో, ముందు ఇరుసు కింద ఇత్తడి వేస్తే బరువు స్ప్రింగుల కిందే ఉండిపోతుంది. పైన చట్రం మీద వేస్తే అదే ఇత్తడి బండిని పడేస్తుంది.

మార్పు ఒకటితో ఆగదు. ముందు చక్రాలు బరువెక్కితే వాటిని పక్కకు తిప్పే సర్వోకు కష్టమవుతుంది. బండితో వచ్చిన సర్వో రాళ్ల మధ్య చక్రాన్ని తిప్పలేక వణుకుతుంది. చాలామంది ఈమ్యాక్స్ ఈఎస్08ఎంఏ లాంటి లోహపు పళ్ల సర్వో బిగిస్తారు. పట్టు పెరిగాక, ఎక్కుడు మీద మీట నొక్కగానే చట్రం ఒక పక్కకు మెలికపడుతుంది. మధ్య కడ్డీ తిరిగే ఊపు చట్రాన్ని తిప్పేస్తుంది. దానికి ఒక పక్క స్ప్రింగును కాస్త బిగించాలి. ఒక ముడి విప్పితే ఇంకో ముడి బయటపడుతుంది, ఆ విప్పడంలోనే ఆదివారాలు గడిచిపోతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి డబ్బు టైర్ల మీద పెట్టండి. మెత్తటి రబ్బరు, లోపల మెత్తటి స్పాంజి, రాతి ఆకారానికి తగ్గట్టు అణిగే టైరు. తర్వాత ముందు ఇరుసుకు ఇత్తడి. ఆ తర్వాతే సర్వో. బ్రష్‌లెస్ మోటారు, రంగురంగుల అల్యూమినియం కడ్డీలు చూడ్డానికి బాగుంటాయి. వాటి జోలికి మొదటి ఏడు వెళ్లకపోవడమే మేలని నా గట్టి నమ్మకం. పైకప్పు మీద సామాన్ల క్యారియర్, నీళ్ల డబ్బాలు, తాడు, ముందు అద్దానికి గోరంత నిమ్మకాయ-మిరపకాయల దండ, 'టీజీ 08' నంబరు పలక, ఇలాంటి ముస్తాబంటే నాకూ ముచ్చటే. ఫొటో తీసుకోండి, బండ ఎక్కే ముందు క్యారియర్ విప్పి పక్కన పెట్టండి.

లేత్ మీది మనిషి

చర్లపల్లికి ఉన్న రెండో బలం ఇక్కడి చేతులు. సికింద్రాబాద్‌లో 1943లో యంత్ర పరికరాలు చేసే ప్రాగా టూల్స్ మొదలైంది. 1967లో ఈ పక్కనే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది, ఆ పేరే ఇప్పుడు కూడలికీ బస్సులకూ పేరు. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం వాడల్లో వరసగా చిన్న చిన్న షెడ్లు. మందులకో, మోటార్లకో, రక్షణ రంగానికో కావాల్సిన ముక్కలు తిప్పుతుంటారు. విదేశీ వెబ్‌సైట్లో ఇంజోరా లాంటి కంపెనీ అమ్మే ఇత్తడి ఉంగరాన్ని ఇక్కడ మన కొలతకు తిప్పించుకోవచ్చు.

వెలుపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 14, మందం 6. ఈ మూడు అంకెలు కాగితం మీద గీసుకుని పోతే చాలు. తిప్పాక అది ఎనిమిది గ్రాములు తూగుతుంది. ఆ కాగితం చూడగానే లేత్ మీదున్న పెద్దాయన అడిగే ప్రశ్న ఎక్కడైనా ఇంచుమించు ఒకటే.

"ఏ మిషన్‌కు బిడ్డా ఇది?"

బండి తీసి చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తాడు. చక్రం పట్టుకుని ఆడిస్తాడు. బేరింగు వదులైందేమోనని చెవి దగ్గర పెట్టుకుంటాడు.

"బరువు ముందల్నే ఎందుకు? ఎన్క గూడ ఎయ్యొచ్చు గద?"

"ఎక్కేటప్పుడు ముందు లేస్తది కాకా. ఎన్కకు పడిపోతది."

"అట్లనా. అయితే మందం పెంచకు, చక్రానికి తగుల్తది. లోపలి బొక్క తగ్గిద్దాం, బరువు అండ్లనే ఒస్తది."

ఆ ఒక్క మాటతో మన గీత దిద్దుకుంటుంది. యాభై ఏళ్లు ఇనుముతో మాట్లాడిన మనిషికి బొమ్మా యంత్రమా అన్న తేడా ఉండదు. పెద్ద కంపెనీ ఆర్డర్ల మధ్య ఇంత చిన్న పని పట్టుకోవాలంటే ఆయనకూ తీరిక ఉండాలి. శనివారం సాయంత్రం పోవడం, ఒకటి కాకుండా నాలుగైదు జతలు ఒకేసారి అడగడం, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వడం మర్యాద. ఇత్తడి కడ్డీ, చిన్న బేరింగులు, సన్న మరలు రాణిగంజ్ దుకాణాల్లో వెతకొచ్చు. వైరు, కనెక్టర్లు, టంకం సామాను కోఠి గుజరాతీ గల్లీలో.

ఇక్కడ చేయించుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. బయటి నుంచి తెప్పించడం బరువైపోయింది. బండి ఒకసారి కొన్నాక మిగతావి వాడలో చేయించుకోగలిగితే ఈ సరదా కాలేజీ కుర్రాడి జేబుకూ అందుతుంది.

రిమోట్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ బండ్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో 2005లోనే లైసెన్సు నుంచి మినహాయించారు. పది బండ్లు ఒకే బండ మీద తిరిగినా ఒకదాని మాట ఇంకోటి వినదు. బ్యాటరీ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎస్‌సీఎక్స్24 లాంటి బండ్లలో ఉండేవి రెండు లిథియం పాలిమర్ సెల్లులు. నిండుగా ఉంటే ఒక్కోటి 4.2 వోల్టులు, మూడు వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు, ఏప్రిల్ ఎండలో కారు డిక్కీలో వదిలేయకూడదు, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. వారం పాటు ఆడకపోతే 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి.

కంకర కాకముందు

ఇంత మంచి రాయి రోజూ తగ్గిపోతోంది. క్రషర్లు, కొత్త వెంచర్లు, రోడ్లు, అన్నిటికీ కంకర కావాలి. రెండు వందల యాభై కోట్ల ఏళ్లు నిలిచిన దొంతి ఒక్క మధ్యాహ్నం పేలుడుతో లారీల్లోకి ఎక్కుతుంది. 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఈ గుండ్లను కాపాడాలని పోరాడుతోంది, జనాన్ని రాళ్ల దగ్గరికి నడిపించి చూపిస్తోంది. హైదరాబాద్ వారసత్వ జాబితాలో కోటలతో, దేవిడీలతో పాటు కొన్ని రాతి గుట్టలకూ చోటు దక్కిందంటే ఆ శ్రమే కారణం. ఒక గుండును మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు చూసిన పిల్లవాడికి దాని ప్రతి పగులూ గుర్తుంటుంది. వచ్చే వారం వెళ్లేసరికి అది లేకపోతే వాడు తప్పకుండా అడుగుతాడు. అలా అడిగేవాళ్లు పెరగాలన్నది నా కోరిక.

ఎక్కడ ఆడాలన్నది కూడా మర్యాదతో ముడిపడి ఉంది. నాలుగు వందలకు పైగా మెట్లున్న మౌలాలి గుట్ట కుతుబ్‌షాహీల కాలం నుంచి భక్తులది, అక్కడ బండి దించకండి. పసుపు కుంకుమలు పెట్టిన రాయి చిన్నదైనా గుడే. ఖాళీ స్థలమైనా యజమానో కాపలాదారో ఉంటాడు, అడిగితే చాలామంది కాదనరు. దారి కోసం రాళ్లు పెకలించకండి, వాటి కింద తేళ్లుంటాయి, వాటి ఇల్లూ అదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూటలు మేలు. ఎండాకాలం పది దాటితే బండ మీద చెయ్యి పెట్టలేం.

గుండ్లు దొరకని అపార్ట్‌మెంట్ వాళ్లకు మేడ చాలు. ఇళ్లు కట్టేచోట మిగిలిన గ్రానైట్ ముక్కలు నాలుగు అడిగి తెచ్చుకుని, కదలకుండా సిమెంటుతో పూలకుండీల మధ్య నిలబెడితే వాన వెలిసిన సాయంత్రం కూడా ఆడుకోవచ్చు.

నలుగురు కలిస్తే పోటీ పెట్టుకోండి. రెండు గులకరాళ్ల మధ్య బండి పట్టేంత సందు వదిలితే అదొక గేటు. బండ కింద నుంచి పైదాకా ఆరు గేట్లు పెట్టండి. వెనక్కి నడిపిన ప్రతిసారీ ఒక పాయింటు, గేటు రాయిని తాకితే ఐదు, చేత్తో పట్టుకుని నిలబెడితే పది. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టు. టైముకు లెక్క లేదు. రెండో ఆటలో రిమోట్లు మార్చుకోండి, తాతయ్య బండి మనవరాలికి, మనవరాలి బండి తాతయ్యకు.